హాజరు పట్టీలో 23వ నంబరు

ఇరవై ఆరేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. పట్టీ తెరవకుండానే హాజరు పిలిచేదాన్ని. అలాంటిదాన్ని ఒక రాత్రి మా వారిని చూసి, ‘మీరెవరండీ, తరగతిలోకి ఎందుకు వచ్చారు?’ అని అడిగానట. నాకు గుర్తు లేదు, ఆయనకు గుర్తుంది. రెండేళ్లు గడిచినా ఆ ప్రస్తావన వస్తే ముఖం పక్కకు తిప్పుకుంటారు.

నా జబ్బు సీఓపీడీ. గాలి గొట్టాలు ఇరుకై, లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. నేను ఎన్నడూ సిగరెట్ ముట్టలేదు. చిన్నతనంలో కట్టెల పొయ్యి పొగ, పెళ్లయ్యాక ఆయన సిగరెట్ పొగ. ఏది ఎంత చేటు చేసిందో విడదీసి చెప్పలేమన్నారు డాక్టర్లు. నేను మాత్రం మనసులో తీర్పు రాసేసుకున్నాను. జబ్బు పేరు తెలిసిన రోజే ఆయన సిగరెట్లు మానేశారు. అది నాకు ఊరట కాలేదు, ఒళ్లు మండింది. ఒక్క రోజులో మానగలిగిన మనిషి ముప్పై ఏళ్లు ఎందుకు ఆగినట్టు?

ఆ రాత్రి సంగతి చెప్పాలి. నాలుగు రోజుల జలుబు ఛాతీలోకి దిగింది, కఫం రంగు మారింది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది, నిమిషానికి 1 లీటరు పెట్టుకోమని రాసిచ్చారు. అర్ధరాత్రి ఆయన నా వేలికి మీటరు పెట్టి చూస్తే రక్తంలో ఆక్సిజన్ 84 శాతం. కంగారుపడి మిషన్‌ను 5 లీటర్లకు తిప్పారు. కాసేపటికి అంకె 97 అయింది. గండం గడిచిందనుకుని నా పక్కనే కూర్చున్నారు. అంకె పైకి వెళ్తోంది, నేను కిందికి జారిపోతున్నాను. ముందు తలనొప్పి, తరువాత మగత, ఆ తరువాత ఏవో పేర్లు పిలవడం. చేతులు చాపమంటే వేళ్లు రెక్కల్లా కొట్టుకున్నాయట. నాకు చివరగా గుర్తున్నది పైకప్పు మీద ఫ్యాను నీడ మాత్రమే.

ఆసుపత్రిలో ముఖానికి బిగుతైన మాస్కు పెట్టి, మిషన్‌తో శ్వాస అందించారు. మా లాంటి కొందరిలో ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మెదడును మత్తులో ముంచుతుందని, 88 నుంచి 92 మధ్య ఉంటే నాకు చాలని అప్పుడు చెప్పారు. మిషన్ ఇంటికి పంపిన నాడు ఈ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. ఆయన ప్రేమతో తిప్పిన మీట నన్ను చంపబోయింది. ఆ నేరం ఆయనది కాదు. రెండు నిమిషాలు కూర్చుని చెప్పని వాళ్లది. ఈ కోపం నాకు ఇంకా పోలేదు, పోవాలని కూడా అనుకోవడం లేదు. మీ ఇంట్లో ఆక్సిజన్ ఉంటే, ఎంత దాటకూడదో మీ డాక్టరును ఈ రోజే అడిగి, మిషన్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

అదే ఆసుపత్రిలో, మాస్కు తీసిన మూడో రోజు, రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు నా మంచం దగ్గర నిలబడి చిన్న డాక్టర్లతో అన్నారు: ‘ఈవిడకు ఇక చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఇంట్లో కదలకుండా కూర్చోమనండి.’ నేను మేలుకునే ఉన్నాను. నా వైపు చూడనైనా లేదు.

మా వాళ్లు ఆ మాటను వేదంలా పాటించారు. నీళ్ల గ్లాసు కూడా చేతికే వచ్చేది. ‘అమ్మా, నువ్వు లేవకు’ అంటూ మా అబ్బాయి కుర్చీ పక్కన గంట పెట్టాడు. నాలుగు నెలలు. తొడలు సన్నబడ్డాయి, స్నానాల గది దాకా వెళ్తే ఆయాసం. ఆయాసమని ఇంకా తక్కువ కదిలాను, కదలని కాళ్లు ఇంకా బలహీనపడ్డాయి. బుద్ధి కూడా మందగించింది. ఇన్‌హేలర్ పీల్చానో లేదో గుర్తుండేది కాదు. మాట మధ్యలో పదం జారిపోయేది. అమ్మకు మతిమరుపు జబ్బేమోనని మా అబ్బాయి పక్క గదిలో ఫోనులో అనడం విన్నాను. ఊపిరి ఆడకపోవడం కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను.

డాక్టరును మార్చాం. పరీక్షలన్నీ మళ్లీ జరిగాయి. మొదటి సెకనులో నేను ఊదగలిగిన గాలి, ఉండాల్సిన దానిలో 38 శాతం. కొత్త డాక్టరు కాగితం పక్కన పెట్టి, ‘ఈ జబ్బులో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినడం మామూలుగా చూసేదే. మీ కాళ్లను, బుర్రను రెండింటినీ మళ్లీ పనిలో పెడదాం’ అన్నారు. ఎంత దయగల మాట! మళ్లీ పనిలో పెట్టడం. నా ఉద్యోగం నాకు తిరిగి ఇచ్చినట్టుంది.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి ముందు ఆరు నిమిషాలు నడిపించి కొలిచింది: 190 మీటర్లు, మధ్యలో రెండుసార్లు ఆగాను. ముక్కుతో రెండు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఈల వేసినట్టు పెదవులు ముడిచి నాలుగు లెక్కపెట్టేదాకా వదలడం మొదటి పాఠం. బరువు ఎత్తేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు ఊపిరి వదలాలి. నేను జీవితమంతా బిగబట్టే లేచాను. ఆ ఒక్క మార్పుతోనే మొదటి రోజు తేడా తెలిసింది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, అర లీటరు నీళ్ల సీసాలు ఎత్తడం, హాలులో నడక. మొదట నాలుగు నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆయాసాన్ని సున్నా నుంచి పదిలో నేనే లెక్కవేసుకుని నాలుగు దగ్గర ఉండాలి. ఆయాసం రావడం ప్రమాదం కాదని నమ్మడానికి నాకు మూడు వారాలు పట్టింది. అయితే వేలి మీటరు 88 కంటే తగ్గితే ఆగమని నాకు చెప్పారు. జ్వరం ఉన్నా, కఫం రంగు మారినా ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టరుకు ఫోను చేయడమే. మీ హద్దులు మీ డాక్టరే చెప్పాలి, నా అంకెలు వాడుకోవద్దు.

రెండో నెలలో ఆ అమ్మాయి, ‘మేడమ్, నడుస్తూ వంద నుంచి ఏడేసి తగ్గించుకుంటూ చెప్పండి’ అంది. లెక్కల టీచరును! తొంభై మూడు, ఎనభై ఆరు... కాళ్లు ఆగిపోయాయి. కాళ్లు కదిపితే లెక్క పోయింది, లెక్క చెబితే కాళ్లు ఆగాయి. ఆ రోజు ఏడ్చాను. నడకకూ ఆలోచనకూ ఒకే శ్రద్ధ పంచాలని, ఆ పంపకమే సాధన చేయాలని తను ఓపికగా చెప్పింది. లెక్కలు విసుగనిపిస్తే మీకు ఇష్టమైన పట్టిక ఏదైనా ఎంచుకోమంది. నేను హాజరు పట్టీ ఎంచుకున్నాను. నా చివరి తరగతి, 41 మంది. అడుగుకొక పేరు.

మా వారు గోడ పక్కన కుర్చీలో కాగితం పట్టుకుని కూర్చుంటారు. నేను పేరు చెబితే టిక్కు పెడతారు. తడబడితే అందించరు, అదీ మా ఒప్పందం. సాయంత్రం ఆయన ఐదారు అంకెలు చదివితే నేను వెనక నుంచి చెప్పాలి. ఒక్కరోజు మానలేదు ఆయన. నాకు ఊపిరి అందని రోజున ఆయన కూడా పెదవులు ముడిచి ఊదడం చూశాను. అప్పుడు కోపం ఎక్కడికి పోతుందో తెలియదు. మరునాడు దగ్గుతో లేస్తే మళ్లీ వస్తుంది. రెండూ నిజమే, రెండూ ఆయనకు తెలుసు. భగవంతుడు ఈ మనిషినే ఇచ్చాడు, ఈ ఊపిరినే ఇచ్చాడు, వీటితోనే నడుస్తున్నాను.

పన్నెండు వారాల తరువాత ఆరు నిమిషాల్లో 265 మీటర్లు నడిచాను, ఆగకుండా. ఊదే పరీక్ష మాత్రం అదే 38. చెడిన ఊపిరితిత్తులు బాగుపడవని డాక్టరు ముందే చెప్పారు. గంటను మా అబ్బాయికి తిరిగి ఇచ్చేశాను. ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించడం కూడా ఎవరూ గుర్తుచేయనక్కర లేదు.

నిన్న 22 దాకా తడుముకోకుండా వెళ్లాను. 23వ నంబరు దగ్గర ఎప్పటిలాగే ఆగాను. కిటికీ పక్కన రెండో బెంచీ, ఎడమ చేత్తో రాసే అబ్బాయి. ముఖం కనిపిస్తోంది, పేరు రావడం లేదు. కాళ్లు మాత్రం ఆపలేదు. మా వారు కాగితంలోకి చూసి, కలం మూసి, ఏమీ చెప్పలేదు.