దస్తా అయ్యేదాకా పోస్టు వద్దు

కథలో మొదటి పేరా కుదిరిందనిపించగానే ఫేస్‌బుక్‌లో పెట్టేయడం ఇప్పుడు చాలామందికి అలవాటు. అరగంటలో నలభై లైకులు, ‘తరువాయి ఎప్పుడండీ?’ అని నాలుగు కామెంట్లు. చిక్కంతా అక్కడే. కథ చెప్పేశామన్న తృప్తి ఆ పేరాతోనే తీరిపోయి రెండో పేజీ కదలదు. కదిలినా ఆ నాలుగు కామెంట్లు లాగినవైపే కదులుతుంది. వాళ్లకి నచ్చిన పాత్ర పెరుగుతుంది, కథకి కావాల్సిన పాత్ర గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది.

దీనికి మందు ఒక దస్తా తెల్లకాగితాలు. దస్తా అంటే 24. ఎడమవైపు రెండు వేళ్ల మార్జిన్ వదిలి, ఒకవైపే రాయాలి. పేజీకి 20 వరసలు, వరసకి ఏడు మాటలు వేసుకుంటే 140. అంటే 1400 మాటల కథకి పది కాగితాలు. చిత్తుకి పది, సాపుకి పది, మిగిలిన నాలుగూ మధ్యలో అతికించే ముక్కలకి. వెనకవైపు ఖాళీ ఎందుకంటారా? పేరా కత్తిరించి చోటు మార్చేటప్పుడు అవతలి రాత తెగకూడదు కదా.

బెజవాడ ఎండల్లో రాతకి పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకానే వేళ. ఆ తర్వాత ఫ్యాను గాలీ వేడే, చెమట చేతికి కాగితం అంటుకుంటుంది. ఫోను సైలెంటులో పెట్టి పక్కనే బోర్లిస్తే లాభం లేదు, చెయ్యి దానంతటదే పోతుంది. స్విచాఫ్ చేసి వంటింట్లో పప్పుల డబ్బాల వెనక పెట్టేయాలి. ఇంట్లో కుదరకపోతే గ్రంథాలయం ఉంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊళ్లో కూర్చునే చోటు దొరకదంటే ఎవరూ నమ్మరు. పేపర్ల బల్ల దగ్గర మాత్రం కూర్చోవద్దు, అక్కడ రాజకీయాలు ఆగవు.

లేచేముందు వాక్యం పూర్తి చేయకండి. ‘ఆమె తలుపు తీసేసరికి’ అన్నచోట ఆపేస్తే, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని గోడకేసి చూసే పని తప్పుతుంది.

లైకుల రుచి మరిగితే వాక్యమే పాడవుతుంది. ‘గుండె బరువెక్కింది, కళ్లు చెమర్చాయి’ అంటే హృదయం బొమ్మలు కురుస్తాయి. ‘బందరు రోడ్డులో బస్సు దిగి, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఎవరింటికి వెళ్లాలో ఇంకా తేల్చుకోలేదు’ అంటే ఒకటో రెండో పడతాయి. కథని మోసేది మాత్రం ఆ సంచే.

సాపు అయ్యాక పది రోజులు బీరువాలో ఉంచి, తీసి పైకి చదవాలి. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టాలి. ఆపైన ఒక్కరికే ఇవ్వండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే అంటారు. అందుకని పెన్సిలు చేతికిచ్చి, విసుగొచ్చిన చోటల్లా పక్కన గీత పెట్టమనండి. గీత ఒక్కటీ లేకుండా కాగితాలు తిరిగొస్తే చదవలేదన్నమాట. ఇంకొకరిని చూసుకోవాలి.