రెండూ కుడిచేతి సంచులే

ఈ రోజు ఆదివారం కావడంతో తెల్లవారకముందే కుట్టుమిషనును నడవలోకి లాగి, పది రోజులుగా రాత్రిపూట కొద్దికొద్దిగా సాగుతున్న సైకిలు సంచుల పనిని ఎలాగైనా ముగించాలని కూర్చున్నాను. ముగిసిందని ఇప్పటికీ చెప్పలేను. మధ్యాహ్నం బయటపడ్డ తప్పును మాత్రం రాసుకోకుండా పడుకోలేను.

సంక్రాంతి సెలవుల్లో ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి నుంచి కాశీనగరం మీదుగా గుణుపురానికి, అక్కడి నుంచి కొండదారిలో రాయగడకు సైకిలు మీద వెళ్లాలన్నది నా ఆలోచన. సంచి కుట్లు దారిలో ఊడిపోతే గుణుపురంలో రైలెక్కి వెనక్కి రావచ్చునన్న ధైర్యం ఒకటి ఉంది. నౌపడ నుంచి మా ఊరికి 1900లో వేసి, 1931లో గుణుపురం దాకా పొడిగించిన ఆ చిన్న రైలు మార్గమే ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. మూడు రోజులకు కావలసిన బట్టలు, దుప్పటి, గాలిపంపు, పంక్చరు సామాను వీపుకు తగిలించుకొని తొక్కితే మెడ, నడుము పట్టేస్తాయని పోయిన ఏడాదే తెలిసింది. బరువు క్యారియర్‌కు రెండు పక్కలా, వీలైనంత కిందికి వేలాడాలి. దుకాణంలో దొరికే జత సంచుల ధర మా ఇంటి నెల వెచ్చాలను దాటిపోవడంతో, అమ్మ మిషను ఇంట్లో ఉండగా ఇంకొకరికి ఎందుకు ఇవ్వాలనిపించింది.

గుడ్డ కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేకపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోగా, ఆ గాలివాన తగ్గిన తరువాత కప్పు మీద పరచడానికి నాన్న కొన్న లారీ టార్పాలిన్ అటక మీద మడత పెట్టి ఉంది. ఒక మూల ఎలుకలు కొరికినా మిగిలినదంతా గట్టిగానే ఉంది. కళ్లాల్లో వడ్ల మీద కప్పే పలచని నీలి టార్పాలిన్ ఈ పనికి ఆగదు. దానిలో సూది దిగిన ప్రతి చోటా ఒక కన్నం పడి, ఆ కన్నాల వరస వెంట తపాలా బిళ్ల చిరిగినట్లు చిరుగుతుంది. లారీ టార్పాలిన్ లోపల పాలియెస్టరు నేత ఉండి, దానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి కుట్టును పట్టి ఉంచుతుంది. అయితే దానికీ ఒక దుర్గుణం ఉంది: కుట్టు విప్పితే కన్నం పూడదు. నూలు గుడ్డ తప్పును తడిపి ఇస్త్రీ చేస్తే మరిచిపోతుంది, ఇది మరిచిపోదు. అందుకే గుండుసూదులు గుచ్చకుండా, దండెం మీది బట్టల క్లిప్పులన్నీ తెచ్చి అంచులను వాటితోనే పట్టి ఉంచాను.

18వ నంబరు సూది వేసి, నూలు దారం వానకు చివుకుతుంది కాబట్టి పాలియెస్టరు దారం ఎక్కించి, అంగుళానికి ఏడు కుట్లకు మించకుండా పొడుగు కుట్టు పెట్టాను. కుట్లు దగ్గరపడితే బలం పెరుగుతుందనుకుంటాము గాని, ఇటువంటి గుడ్డకు కన్నాలు పెరిగి బలం తగ్గుతుంది. మొదటి జానెడు బాగానే నడిచింది. తరువాత మిషను పాదం పూతకు అతుక్కొని గుడ్డ ముందుకు జరగక, సూది ఒకే చోట నాలుగైదు సార్లు దిగింది. నేను చక్రాన్ని చేత్తో తిప్పుతూ తంటాలు పడుతుంటే అమ్మ ఏమీ మాట్లాడకుండా పౌడరు డబ్బా తెచ్చి గుడ్డ మీద కాస్త చల్లి వెళ్లిపోయింది. అప్పటి నుంచి గుడ్డ జారుతూ కదిలింది. నివారు పట్టీ వచ్చిన చోట నాలుగు మడతలు ఒకదాని మీద ఒకటి చేరాయి. అక్కడ మాత్రం కాలు తీసి, చక్రాన్ని చేత్తోనే తిప్పి, సూది దిగి పైకి వచ్చిన చప్పుడు విని మరో కుట్టు వేశాను.

సంచి ఎత్తు 38 సెంటీమీటర్లు, మందం 15, వెడల్పు పైన 30, అడుగున 24. రమారమి 15 లీటర్లు పడుతుంది. అడుగున వెడల్పు తగ్గడానికి కారణం మడమ. పెడలు వెనక్కి వచ్చిన ప్రతిసారీ మడమ సంచికి తగలకుండా ఉండాలంటే ముందు అంచును కిందికి వచ్చేకొద్దీ వెనక్కి వాలుగా కోయాలి. నాది తొమ్మిదో నంబరు పాదం కాబట్టి ఆ వాలును రెండు సార్లు కొలిచి అట్ట మీద గీశాను. చక్రం వైపు గుడ్డ లోపలికి ఒరగకుండా ప్లాస్టిక్ పరీక్ష అట్టను ఒక జేబులో దూర్చి, పైన అల్యూమినియం కొక్కేలు బిగించి, బయటి వైపు చిన్న జేబు కుట్టాను.

రెండు సంచులూ క్యారియర్‌కు తగిలించి నాలుగడుగులు వెనక్కి వేసి చూసినప్పుడు కాని సంగతి అర్థం కాలేదు. కుడి సంచి వాలు పెడలు వైపు ఉంటే, ఎడమ సంచి వాలు వెనక మడ్‌గార్డు వైపు ఉంది. అట్టను తిరగవేయకుండా రెండు సార్లూ ఒకే వైపు పెట్టి గీశానన్న మాట. రెండు సార్లు కొలిచిన వాడికి ఒక్కసారి తిప్పాలని తోచలేదు.

30 ఏళ్లుగా వీధిలో అందరికీ జాకెట్లు కుడుతున్న అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేటిరా, రెండూ కుడిచేతివే కోసీసేవు? జాకెట్టు చేతులు నేనెలగ కోస్తానో ఇన్నేళ్లు చూసేవు కదా" అంది. గుడ్డను రెండుగా మడిచి ఒకేసారి కత్తిరిస్తే కుడి ఎడమలు వాటంతట అవే వస్తాయి. ఆ మడత ముందు కూర్చునే నేను పదో తరగతి పాఠాలు చదువుకున్నాను.

సంచి మొత్తం విప్పి కొత్తగా కోయడానికి గుడ్డ చాలదు. నేను తల పట్టుకొని కూర్చుంటే అమ్మ సంచిని చేతిలోకి తీసుకొని ఇటూ అటూ తిప్పి, "అంతా ఇప్పనక్కర్లేదు, ఈపుకున్న కొక్కేలు కడుపుకి కుట్టీ" అంది. నిజమే, చక్రం వైపుండే వీపు ముక్కా, బయటికి కనిపించే కడుపు ముక్కా ఒకే ఆకారం. వాటి పని మార్చితే కుడి సంచే ఎడమ సంచి అవుతుంది. కొక్కేల పట్టీని, అట్ట జేబును, బయటి జేబును విప్పి మళ్లీ కుట్టేసరికి మూడు గంటలు పట్టింది. పాత కుట్టు కన్నాలు ఇప్పుడు బయటి వైపు చీమల బారులా కనిపిస్తున్నాయి. వాటి మీద అదే గుడ్డ పట్టీలను ఫ్లెక్సీలు అతికించే గమ్‌తో అంటించాను. చూడడానికి అతుకుల బొంతలాగే ఉంది.

సాయంత్రం రెండింటిలోనూ అందాజుగా మూడేసి కిలోల బియ్యం పోసి ఆంధ్రలోని పాతపట్నం వైపు తొక్కాను. ఒక పక్కే ఎక్కువ నింపితే హ్యాండిల్ ఆ పక్కకు లాగుతుందని మొదటి సందులోనే తెలిసి, దిగి తూకం సరిచేశాను. సముద్రతీరపు ఉప్పును పెరికల్లో, అంటే ఎద్దు వీపుకు రెండు పక్కలా వేలాడే గోనెల్లో నింపి ఎద్దుల మీద ఈ కొండల్లోకి మోయించిన లంబాడీలు కూడా బయలుదేరే ముందు ఇలాగే రెండు పక్కలా తడిమి చూసుకొని ఉంటారు. రాష్ట్రం దాటి అవతల టీ తాగి తిరిగి వచ్చేలోగా ఎడమ మడమ ఒక్కసారి కూడా తగలలేదు. మధ్యలో రెండు వేళ్ల సందు మిగిలింది. టకటకమన్న చప్పుడేమిటా అని ఆగి చూస్తే, వదులుగా వేలాడుతున్న పట్టీ కొస చక్రం పుల్లలకు తగులుతోంది. దాన్ని పాత ట్యూబు ముక్కతో కట్టేశాను.

ఇంటికి వచ్చాక బియ్యం డబ్బాలోకి వంపేసి, ఎడమ సంచిని పెరటి దూలానికి వేలాడదీసి నిండా నీళ్లు పోశాను. అతికించిన పట్టీల దగ్గర తడి లేదు. అడుగున వెనక మూల, నేను నమ్మకంగా కుట్టిన చోట, ఒక్కొక్క బొట్టే కారుతోంది. ఆ మూల చుట్టూ సుద్దతో గుండ్రంగా గీసి వచ్చాను. గమ్ డబ్బా మూత సరిగా పెట్టానో లేదో చూసి పడుకోవాలి.