గేజిలో 3 గ్యాలన్లు, ట్యాంకులో నాలుగు చుక్కలు

శనివారం సాయంత్రం ఓక్లహోమా నుంచి టెక్సాస్ తిరిగి వస్తూ, ఏడేళ్లు కష్టపడి సొంతంగా కట్టుకున్న ఆర్‌వీ-7 అనే చిన్న విమానాన్ని గడ్డి పొలంలో దించాల్సి వచ్చింది. నాకు దెబ్బ తగల్లేదు. ఒక చక్రం మీది కవర్ పగిలింది, అంతే.

దిగడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 900 అడుగుల దగ్గర ఇంజిన్ ఆగింది. ముక్కు దించి, ఇంజిన్ లేకుండా జారడానికి కావాల్సిన గ్లైడ్ వేగం పట్టుకున్నాను, ఏ ట్యాంకు ఫ్యూయల్ వాడాలో ఎంచే సెలెక్టర్‌ని కుడి ట్యాంకుకి తిప్పాను, ఫ్యూయల్ పంపు వేశాను. ఇంజిన్ అందుకునేలోపు నేల వచ్చేసింది. టెస్ట్ ఫ్లైట్లలో దీన్ని ఇరవైసార్లు సాధన చేశాను. అదే కాపాడింది.

తట్టుకోలేకపోయింది ఆ తర్వాతే. విచారణకి వచ్చిన అధికారి, పొలం యజమాని పక్కన నిలబడి ఉండగానే, "ఎడమ ట్యాంకు ఫ్యూయల్ గేజి ఎంత చూపించింది?" అని అడిగాడు. 3 గ్యాలన్లు అన్నాను. ఎడమ రెక్క కింద డ్రెయిన్‌కి కప్పు పట్టాడు. నాలుగు చుక్కలు. కుడి ట్యాంకులో 11 గ్యాలన్లు! "గంటకు పైగా సరిపోయే ఫ్యూయల్ పెట్టుకుని పొలంలో దిగావు" అన్నాడు. నోట మాట రాలేదు. పగటిపూట ఉండాల్సిన 30 నిమిషాల అదనపు ఫ్యూయల్, అంటే రిజర్వు, కాగితం మీద నాకు ఉంది. కానీ మా సెలెక్టర్‌లో రెండు ట్యాంకులూ కలిసే స్థానం లేదు. ఏ ట్యాంకు పెడితే దాన్నే ఇంజిన్ తాగుతుంది.

గేజి సెట్ చేసినప్పుడు తోక నేల మీదే ఉంది. ఎగిరేటప్పుడు విమానం చదునుగా ఉంటుంది, అదే ఫ్యూయల్‌కి ట్యాంకులో తేలుతూ గేజిని నడిపే ఫ్లోట్ ఇంకో ఎత్తులో ఉంటుంది. ఆ అనుమానం నాకు అప్పుడే వచ్చింది. "గేజి ఖాళీ దగ్గర కరెక్టుగా చూపిస్తే చాలు, మిగతాది వదిలెయ్" అని మా హాంగర్‌లో (విమానాల షెడ్డులో) ఒక సీనియర్ కొట్టిపారేశాడు. అలాంటి సలహాలు వినకండి. సెలెక్టర్ చేతికి అందేచోట పెట్టుకోండి. 1997లో గాయకుడు జాన్ డెన్వర్ నడిపిన లాంగ్-ఈజీ అనే చిన్న విమానంలో అది ఎడమ భుజం వెనక ఉంది. దాన్ని తిప్పబోయి విమానం అదుపు తప్పి సముద్రంలో పడి చనిపోయాడు. ఆయన బయల్దేరే ముందు ఫ్యూయల్ కూడా నింపుకోలేదు.

నిన్న ఆ రైతు షెడ్డులోనే, తోకని ఎండుగడ్డి మోపు మీదకెత్తి, మట్టం పెట్టి చదును చేశాం. ఎడమ ట్యాంకు పూర్తిగా ఖాళీ. స్విచ్ వేస్తే గేజి 3 చూపించింది. రెండు గ్యాలన్లు కొలిచి పోశాను. అప్పుడూ 3.