పెద్దబడి, చిన్నబడి, మధ్యలో 32

ఫ్రెండ్స్, నాది ఈసీఈ. పల్నాడులో పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడింగ్ అంటే సీఎస్ఈ వాళ్ల సొంత ఆస్తి అనుకుంటూ పెరిగిన బ్యాచ్. బీటెక్ అయ్యాక ఏడాదిన్నర అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఒకపక్క గేట్ సీఎస్ పేపర్‌కి, ఇంకోపక్క ఆఫ్ క్యాంపస్ టెస్టులకి చదివాను. రోజుకెన్ని గంటలు, ఏ నోట్సు అనే లెక్కలు నేను రాయను, అవి చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. ఒకే ఒక్క ప్రశ్న గురించి చెప్తాను. "ఇచ్చిన స్ట్రింగ్‌లో పెద్దబడి అక్షరాలను చిన్నబడికి, చిన్నబడి అక్షరాలను పెద్దబడికి మార్చండి." స్ట్రింగ్ అంటే వరసగా ఉన్న అక్షరాల మాట, పెద్దబడి అంటే క్యాపిటల్, చిన్నబడి అంటే స్మాల్ లెటర్స్. చూస్తే రెండు నిమిషాల పని. నన్ను మాత్రం మూడుసార్లు బోర్లా పడేసింది.

మొదటిసారి పడింది హాస్టల్ గదిలోనే కాబట్టి పరువు పోలేదు. పెద్దబడి అయితే చిన్నబడి చెయ్యి అని ఒక ఇఫ్ (షరతు) రాశాను. దాని కింద, చిన్నబడి అయితే పెద్దబడి చెయ్యి అని ఇంకో ఇఫ్. రన్ చేస్తే అన్నీ పెద్దబడి అక్షరాలే వచ్చాయి. గంటసేపు కంపైలర్‌నే అనుమానించాను. మా రూమ్మేట్ స్నానానికి పోతూ పోతూ స్క్రీన్ చూసి, "రెండో ఇఫ్ ముందు ఎల్స్ ఏదిరా?" అన్నాడు. ఎల్స్ అంటే 'లేకపోతే'. అది లేక, మొదటి ఇఫ్ చిన్నబడి చేసిన అక్షరాన్నే రెండోది పట్టుకుని మళ్లీ పెద్దబడి చేస్తోంది. అంతే కథ.

రెండోది అసలు దెబ్బ. అప్పటికి నాకు ఒక చిట్కా దొరికింది: అక్షరం కోడ్ నంబరుని 32తో ఎక్సార్ చేస్తే (రెండు నంబర్ల బైనరీ అంకెలను పోల్చి వేరైన చోట 1, ఒకటైన చోట 0 పెట్టే లెక్క) కేస్, అంటే పెద్దబడి చిన్నబడి తేడా, దానంతటదే తిరగబడుతుంది, ఇఫ్ అక్కర్లేదు. మంత్రం దొరికినట్టు సంబరపడ్డాను. ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టులో సరిగ్గా ఈ ప్రశ్నే పడింది. సీ భాషలో మూడు లైన్లు కొట్టాను. శాంపిల్ కేసులు రెండూ పాస్. సబ్మిట్ చేస్తే, మనకి చూపించని హిడెన్ కేసులు ఎనిమిదిలో ఆరు ఫెయిల్. టైమ్ ఇంకా ఇరవై నిమిషాలుంది, కానీ టెన్షన్‌లో ఏం చూస్తున్నానో నాకే తెలియలేదు. చెయ్యని తప్పు కోసం లూప్‌లో (ఒక్కో అక్షరం మీదా అదే పని తిరిగి చేసే కోడ్‌లో) వెతుక్కుంటూ కూర్చున్నాను.

రూమ్‌కొచ్చి "గుడ్ మార్నింగ్" అని ఇంగ్లీషులో ఇచ్చి చూశాను. గుడ్ ఒక్కటే తిరగబడి వచ్చింది, మార్నింగ్ మాయం. అప్పుడు తీశాను ఆస్కీ పట్టిక, కంప్యూటర్‌లో ఏ అక్షరానికి ఏ నంబరో చెప్పేది. పెద్దబడి ఏ 65, చిన్నబడి ఏ 97. పెద్దబడి జెడ్ 90, చిన్నబడి జెడ్ 122. ఏ జత తీసుకున్నా తేడా 32. బైనరీలో రాసుకుంటే 65 అంటే 1000001, 97 అంటే 1100001. ఒక్క బిట్టే (బైనరీ అంకె) తేడా, అది 32 విలువున్న బిట్టు. ఎక్సార్ ఆ బిట్టును తిరగేస్తుంది, ఇంకేమీ ముట్టుకోదు. ఇది అదృష్టవశాత్తూ కుదిరింది కాదు. 1963 నాటి మొదటి ఆస్కీలో చిన్నబడి అక్షరాలు లేవు, 1967 సవరణలో అవి ఖాయమయ్యాయి. సరిగ్గా 32 దూరంలో, ఒక్క బిట్టు తేడా వచ్చేలా పెట్టారు. పాత ఐబీఎం మెయిన్‌ఫ్రేముల (పెద్ద కంప్యూటర్ల) ఎబ్సిడిక్ అనే వేరే కోడ్ పట్టికలో తేడా 64, పైగా అక్కడ చిన్నబడే ముందు వస్తుంది. అంటే 32 అనేది అక్షరాల స్వభావం కాదు, ఆ పట్టిక స్వభావం.

ఇప్పుడు స్పేస్ సంగతి చూడండి. స్పేస్ కోడ్ కూడా 32. ముప్పై రెండుని ముప్పై రెండుతో ఎక్సార్ చేస్తే సున్నా. సీలో సున్నా అంటే స్ట్రింగ్ అయిపోయిందని గుర్తు. నా ప్రోగ్రాం మొదటి స్పేస్ దగ్గరే స్ట్రింగ్ పీక నొక్కేసింది. పాసైన రెండు కేసుల్లో బహుశా ఒక్కొక్క మాటే ఉండి ఉంటుంది. అంకెలూ అంతే: సున్నా అనే క్యారెక్టర్ కోడ్ 48, ఎక్సార్ చేస్తే 16, తెరమీద కనపడని కంట్రోల్ క్యారెక్టర్. 'ఎట్ ద రేట్' గుర్తు 64, అది 96కి పోయి బ్యాక్‌టిక్ అవుతుంది. చిట్కా అబద్ధం కాదు. అక్షరమో కాదో చూడకుండా వాడటం నా తెలివితక్కువతనం.

గేట్ రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఇదే కోడ్‌ని అవుట్‌పుట్ ప్రశ్నగా ఒక మాక్ టెస్టులో చూశాను, మూడోసారి పడింది అక్కడే. లూప్ షరతు "ఈ క్యారెక్టర్ సున్నా కానంతవరకు" అని ఉంటే, స్పేస్ సున్నా అయిపోయినా లూప్ ఆగదు. ఎందుకంటే ఐ (ఎన్నో క్యారెక్టర్ దగ్గరున్నామో చెప్పే లెక్క) ముందుకు జరిగాక తర్వాతి క్యారెక్టర్‌ని చూస్తుంది. షరతు "ఐ స్ట్రింగ్ పొడవు కన్నా తక్కువ" అని, పొడవు కోసం ప్రతిసారీ ఎస్‌టీఆర్‌లెన్ పిలుస్తుంటే, స్పేస్ సున్నా కాగానే పొడవు తగ్గిపోయి లూప్ అక్కడే ఆగుతుంది. రెండింటిలోనూ ప్రింట్ అయ్యేది ఒకటే, మెమరీలో మిగిలేది మాత్రం వేరు. ప్రశ్న అడిగింది మెమరీలో ఉన్నదాని గురించి. రెండు మార్కుల మల్టిపుల్ చాయిస్, తప్పు పెడితే మూడింట రెండు వంతుల మార్కు కోత. కాగితం మీద గళ్లు గీసి ఒక్కో క్యారెక్టర్ నింపితే తప్ప ఇలాంటివి నాకు తేలవు. మనసులో చేస్తా అనేవాళ్లకి ఓ దండం.

జావాలో రాసేవాళ్లకి ఒక మాట: స్ట్రింగ్ అక్కడ మారదు, స్ట్రింగ్ బిల్డర్ తీసుకోండి. క్యారెక్టర్‌కి 32 కలిపితే ఇంట్ (పూర్ణాంకం) వస్తుంది, మళ్లీ క్యారెక్టర్‌గా మార్చాలి, అంటే కాస్ట్ చెయ్యాలి. పైథాన్‌లో స్వాప్‌కేస్ అని ఒక్క మెథడ్‌తో పని అయిపోతుంది కానీ, ఇంటర్వ్యూలో "అది వాడకుండా" అనే అడుగుతారు.

నన్నూ అలాగే అడిగారు, ఐదు నెలల తర్వాత, వేరే కంపెనీలో. లైబ్రరీ ఫంక్షన్లు వద్దు, షరతు ఒక్కటే ఉండాలి అన్నారు. అప్పటికి నా దగ్గర జవాబుంది. క్యారెక్టర్‌ని 32తో ఆర్ చేస్తే, అంటే ఆ 32 బిట్టును 1 చేసేస్తే, పెద్దబడి అక్షరం కూడా చిన్నబడి అవుతుంది. ఆ ఫలితం 97కి, 122కి మధ్య ఉంటే అసలు క్యారెక్టర్ అక్షరమే, అప్పుడు మాత్రమే ఎక్సార్ చెయ్యి. స్పేస్, అంకెలు, ఎట్ ద రేట్ అన్నీ దానంతటవే పక్కకి పోతాయి. బోర్డు మీద రాసి, అడగకముందే ఐదు ఇన్‌పుట్లు నడిపి చూపించాను: ఖాళీ స్ట్రింగ్, ఒక్క స్పేస్, అంకెలు కలిసిన మాట, పెద్దబడి జెడ్, దాని పక్కనే 91లో ఉండే స్క్వేర్ బ్రాకెట్.

ఇంటర్వ్యూ చేస్తున్నాయన నా రెజ్యూమె చూసి, "మీ పేరు తెలుగులో టైప్ చేసి ఇస్తే?" అన్నారు. మనకి పెద్దబడి చిన్నబడి లేవు కాబట్టి మారకూడదు సార్ అన్నాను. "మారకూడదు సరే, మీ కోడ్ మార్చదా?" యూటీఎఫ్ 8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు అక్షరానికైనా, గుణింతం గుర్తుకైనా మూడేసి బైట్లు, ప్రతి బైటూ 128 లేదా పైనే, కాబట్టి నా షరతులో పడదని చెప్పాను. ఆయన తల ఊపి, "మరి అక్షరమో కాదో చెప్పే లైబ్రరీ ఫంక్షన్ ఈజ్ఆల్ఫా వాడి ఉంటే, సీలోని క్యార్ టైప్‌లో ఆ బైట్లు నెగెటివ్ అయితే?" అని ఇంకో మెలిక పెట్టారు. నోరు పెగల్లేదు. తెలియదు సార్ అన్నాను. నెగెటివ్ లేని అన్‌సైన్డ్ క్యార్‌కి మార్చి పంపాలని, లేకపోతే ఫలితానికి గ్యారంటీ ఉండదని ఆయనే చెప్పారు. వారం తర్వాత ఆఫర్ మెయిల్ వచ్చింది. ఆ మెలిక మాత్రం ఆ రాత్రే రూమ్‌లో కూర్చుని తెలుగు పేర్లతో రన్ చేసి చూసుకున్నాను.