పందిరి నుంచి పిండి రాలిన రోజు

అమలాపురం పక్కన మా ఊళ్లో, డాబా మీద వెదురు పందిరి వేయించుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. కొలతలు, పనివాళ్లు రెండు రోజుల్లో కుదిరిపోయాయి. కర్రల దగ్గరే దెబ్బతిన్నాను.

డిపోలో "ట్రీట్‌మెంట్ చేసిన బొంగులండీ, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. వార్నిష్ మెరుపు చూసి నమ్మాను. సంక్రాంతికి పందిరి లేచింది. ఫాల్గుణంలో మా చెల్లి మావగారు భోజనానికొచ్చారు. అరిటాకులో పనసపొట్టు కూర వడ్డించామో లేదో, పైనుంచి లేత పసుపు పొడి సన్నగా రాలింది. ఆయన తలెత్తి చూసి, "ఏం బాబూ, ఆవ పైనుంచి కూడా పెడుతున్నారా?" అన్నారు. అందరూ నవ్వారు. మా అమ్మ మొహం తిప్పుకుంది. ఆకులు తీసి కిందికి మార్చాం. వియ్యాలవారి ముందు అంత తలవంపు నాకెప్పుడూ జరగలేదు. రాత్రి టార్చి వేసి చూస్తే ప్రతి గడకీ గుండుసూది తలంత కన్నాలు. ఒకదాన్ని తడితే దోసెడు పిండి రాలింది.

అడిగితే డిపో వాడు "మీ కోనసీమ తేమండీ" అన్నాడు. పచ్చి అబద్ధం! వెదురులో ఉండే పిండిపదార్థం కోసమే పురుగు పడుతుంది. వెదురు పైతోలు ఏ మందునీ లోపలికి దిగనివ్వదు. దానిమీద వార్నిష్ పూసి ట్రీట్‌మెంట్ అనడం మోసం. మందు లోపలికి దిగేలా కణుపులు తొలిచారా, ఎన్నాళ్లు నానబెట్టారు అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

రెండోసారి ఒక మేదర పెద్దాయన్ని పట్టుకున్నాను. "లేతది పురుక్కి బెల్లం ముక్కండీ" అంటూ మూడేళ్లు దాటిన గడలే ఏరాడు, అదీ వానలు వెళ్లాక నరికించి. నానబెట్టడానికి గొయ్యి తవ్వితే రెండడుగులకే నీళ్లు ఊరాయి, మా నేల అంతే. ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి తొట్టి కట్టాం. పురుగు పట్టకుండా మందు, 100 లీటర్ల నీళ్లకి 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్. పొడవాటి ఇనప ఊచతో కణుపుల లోపలి అడ్డుపొరలన్నీ పొడిచి, గడల్ని పది రోజులు ముంచి, నెల్లాళ్లు నీడన నిలబెట్టి ఆరబెట్టాం. చేతులకి గ్లవ్స్ ఉండాలి. పశువులు ఆ తొట్టి దగ్గరికి రాకూడదు, ఆ నీళ్లు మొక్కలకి పోయకూడదు.

వాన తగిలితే ఆ మందు కరిగిపోతుంది కాబట్టి పైన రేకు వేశాను. గడలు నేలకి తగలకుండా రాతి దిమ్మల మీద నిలబెట్టాను. మేకు కొడితే వెదురు చీలుతుంది. డ్రిల్లు వేసి బోల్టులు బిగించి, పైన కొబ్బరి తాడు చుట్టించాను. పక్కన కడియం నర్సరీ నుంచి తెచ్చిన పసుపు వెదురు గుబురు. మా వీధిలో ఇంత చక్కటి పందిరి ఇంకోటి లేదు.

ఆరు నెలలైంది. రోజూ పొద్దున్నే కింద నేల తుడిచి వేళ్లు చూసుకుంటున్నాను. నిన్న మావగారిని మళ్లీ పిలిచి, అదే చోట ఆకు వేశాం. ఆయన ఒకసారి పైకి చూసి, మారు వడ్డించుకున్నారు.