వెనక బెంచీలో కూర్చుని నేను రాసుకునేది

పీహెచ్‌డీ చేస్తూ డిగ్రీ స్టూడెంట్లకి మొదటిసారి కాలిక్యులస్ చెప్పబోయేవాళ్లకి మెంటర్‌గా ఉండమంటే, ఇందులో ఏముందిలే అనుకున్నాను. వాళ్ల క్లాసులో కూర్చోవడం, తప్పులు రాసుకోవడం, బయటికొచ్చాక చెప్పడం, అంతేగా. మొదటి అబ్బాయికి ఏకంగా 14 తప్పుల లిస్టు చేతిలో పెట్టాను. బోర్డు మీద అక్షరాలు చిన్నవి, బోర్డుతోనే మాట్లాడుతున్నావు, నిర్వచనం చెప్పకుండా సిద్ధాంతంలోకి దూకావు... అన్నీ నిజాలే. తర్వాతి వారం అతని క్లాసు ఇంకా పాడైంది. పాపం, ఆ 14 గుర్తుపెట్టుకునే టెన్షన్‌లో లెక్క మధ్యలోనే ఆగిపోయాడు.

ఇప్పుడు నేను పాఠం చెప్పేవాళ్ల వైపు పెద్దగా చూడను. చుట్టుపక్కల స్టూడెంట్లని అడిగి వాళ్ల నోట్సు చూస్తాను.

ఒకసారి ఒకమ్మాయి చైన్ రూల్ చెప్తోంది. అంటే ఒక ఫంక్షన్ లోపల ఇంకోటి ఉంటే, బయటిదాన్నీ లోపలిదాన్నీ విడివిడిగా డిఫరెన్షియేట్ చేసి (ఎంత వేగంగా మారుతోందో కనుక్కుని) రెంటినీ గుణించాలనే సూత్రం. వంక పెట్టడానికి ఏమీ లేదు, అంత చక్కగా చెప్పింది. కానీ సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌ని డిఫరెన్షియేట్ చేయమంటే నా దగ్గర కూర్చున్న ఆరుగురిలో ముగ్గురు కాస్ ఆఫ్ టూ ఎక్స్ అని రాశారు. రావాల్సింది కాస్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ ఇంటూ టూ ఎక్స్. వాళ్లు బయటిది చేశారు, లోపలిదీ చేశారు, కాకపోతే చేసినదాన్ని మళ్లీ లోపలే పెట్టేశారు. అంటే వినలేదని కాదు, 'బయట, లోపల' అన్న మాటల్ని మరీ శ్రద్ధగా విన్నారు! క్లాసయ్యాక ఆమెకి సలహాలేవీ ఇవ్వకుండా ఆ మూడు జవాబులూ చూపించి, వీళ్లు ఏమనుకుని ఇలా రాసి ఉంటారు అని మాత్రం అడిగాను. కాసేపు చూసి, "గుణించాలని చెప్పాను గానీ ఎందుకు గుణించాలో చెప్పలేదు మేడమ్" అంది. తర్వాతి క్లాసులో పళ్ల చక్రాల బొమ్మ గీసింది: మొదటిది ఒకసారి తిరిగితే రెండోది రెండుసార్లు, రెండోది ఒకసారి తిరిగితే మూడోది మూడుసార్లు, మరి మొదటిది ఒకసారి తిరిగితే మూడోది ఎన్నిసార్లు? ఆ బొమ్మ నాకు తట్టేది కాదు.

నేను నేరుగా చెప్పేది ఒక్కటే, ప్రశ్న అడిగాక ఆగమని. "డౌట్స్ ఏమైనా ఉన్నాయా" అంటూనే డస్టర్ అందుకుంటారు అందరూ. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో దీన్ని కొలిచింది. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను, అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతున్నాయి. ఆమె చూసినవి చిన్నపిల్లల సైన్స్ క్లాసులే అయినా, కాలేజీలో నా వాచీ చెప్పేదీ దాదాపు అదే. నా క్లాసుకి ఈ కొత్త టీచర్లని రమ్మని నన్నూ కొలవమంటాను. మూడు సెకన్ల నిశ్శబ్దం అక్కడ నిలబడినవాళ్లకి ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు నాకూ తెలుస్తుంది.

ఒక షరతు మాత్రం పెట్టుకున్నాను, వాళ్ల పనితీరు రిపోర్టు నేను రాయను. రిపోర్టు రాసే మనిషి దగ్గర ఎవరూ "నాకు ఈ పాఠం సరిగ్గా రాదు" అనరు కదా.

అసలు గొడవంతా పేపర్లు దిద్దేటప్పుడు. అందరం ఒకే పది పేపర్లు విడివిడిగా దిద్ది తర్వాత మార్కులు పోల్చుకుంటాం. అదే కాస్ ఆఫ్ టూ ఎక్స్‌కి ఒకరు 5కి సున్నా వేశారు, ఒకరు 4 వేశారు. సున్నా వేసినతను జవాబు తప్పు కదా అంటాడు, 4 వేసినామె రెండు డెరివేటివ్‌లూ సరిగ్గానే చేశాడు కదా అంటుంది. నేను నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నది ఈ మీటింగుల్లోనే. చైన్ రూల్ తెలిసిందా లేదా అన్నదానికే ఆ ప్రశ్న ఇచ్చాం కాబట్టి 2 అని తేల్చడానికి గంట పట్టింది. ఆ 4 వేసినామె ఇంకా ఒప్పుకోలేదు.