ఫైలు ఉంది, అందులో పీడీఎఫ్ లేదు

విశాఖపట్నం చేపల రేవు దగ్గర పడవల ఇంజిన్లకు స్పేర్ పార్టులు అమ్మే ఒక దుకాణానికి వెబ్‌సైటు పనులు నేను చూస్తుంటాను. సరఫరాదారు సర్వరు నుంచి ధరల పట్టికలను రోజూ రాత్రి డౌన్‌లోడ్ చేసి ఆ సైటులో పెట్టే పీహెచ్‌పీ స్క్రిప్టు ఒకటి చాలాకాలంగా సాఫీగానే నడిచేది. సరఫరాదారు తన సైటును మార్చుకున్న తరువాత, "పేర్లన్నీ కనిపిస్తున్నాయండీ, నొక్కితే మాత్రం ఏదీ తెరుచుకోవడం లేదు" అని యజమాని ఫోన్ చేశారు.

ఫోల్డరులో కొన్ని ఫైళ్లు సున్నా బైట్లు, మరికొన్ని కొద్ది వందల బైట్లు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దదైన కేటలాగు అసలు లేనే లేదు. ఒక చిన్న ఫైలును టెక్స్ట్ ఎడిటరులో తెరిచాను. నిజమైన పీడీఎఫ్ శాతం గుర్తుతో, దాని వెంటనే పీడీఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఇక్కడ ఉన్నది, పేజీ వేరే చిరునామాకు మారిందని తెలిపే హెచ్‌టీఎంఎల్. సరఫరాదారు సర్వరు 301 జవాబుతో, అంటే చిరునామా మారిందని చెప్పే కోడుతో, కొత్త హెచ్‌టీటీపీఎస్ చిరునామా చూపిస్తోంది. స్క్రిప్టు డౌన్‌లోడ్‌కు వాడే కర్ల్ అనే సాధనం, ఫాలోలొకేషన్ ఆప్షన్ పెడితే తప్ప ఆ కొత్త చిరునామాకు వెళ్లదు కనుక, స్క్రిప్టు ఆ జవాబునే పీడీఎఫ్ పేరుతో భద్రపరిచింది.

ఆ ఆప్షన్ పెట్టాక ఆ చిన్న ఫైళ్లు కూడా సున్నా బైట్లయ్యాయి. కర్ల్ ఎర్రర్ నంబరును లాగ్‌లో రాయిస్తే 60 అని వచ్చింది, అంటే అవతలి సర్వరు అసలైనదేనా అని చూసే సర్టిఫికెట్ తనిఖీ విఫలమైంది. ఆ తనిఖీలో వేటిని నమ్మాలో చెప్పే రూట్ సర్టిఫికెట్ల జాబితా మన సర్వరులో పాతదైపోయింది. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు కూడా పాత సర్వర్లెన్నో ఇలాంటి చిక్కులోనే పడ్డాయి. తనిఖీనే ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. దాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. అలా చేస్తే దారిలో ఎవరైనా ధరలు మార్చి పంపినా మనకు తెలియదు, ఆ ధరలకే బేరం కుదురుతుంది. జాబితాను అప్‌డేట్ చేయగానే ఫైళ్లు నిండుగా వచ్చాయి.

కేటలాగు సంగతి వేరు. మొత్తం ఫైలును మెమరీలోకి తీసుకోవడం వల్ల 128 ఎంబీ పరిమితి దాటి స్క్రిప్టు ఆగిపోతోంది. వచ్చిన భాగాన్ని వచ్చినట్టే డిస్కుకు రాయించాను.

ఫైలు దొరకలేదని చెప్పే 404 జవాబు వచ్చినా కర్ల్ దాన్ని వైఫల్యంగా లెక్కించదు. అందువల్ల ఇప్పుడు ప్రతి ఫైలూ ముందు తాత్కాలిక పేరుతో దిగుతుంది. జవాబు 200, అంటే అంతా సవ్యమని చెప్పే కోడు, అయి, మొదటి అక్షరాలు పీడీఎఫ్‌వే అయితేనే అసలు పేరు పొందుతుంది. లేకపోతే నిన్నటి పట్టిక అలాగే ఉండి, కారణం లాగ్‌లో నమోదవుతుంది.